హార్వర్డ్ పుటల నుంచి మన గడప దాకా
విద్యార్థులు నడిపే న్యాయశాస్త్ర పత్రిక... భారత రాజ్యాంగంపై రెండు వ్యాసాల ముద్ర

రాజమహేంద్రవరం: అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన ఇద్దరు మిత్రులు 1890 డిసెంబరు 15న ఒక న్యాయశాస్త్ర పత్రికలో వ్యాసం ప్రచురించారు. దాదాపు 127 సంవత్సరాల అనంతరం ఆ వ్యాసం భారత సర్వోన్నత న్యాయస్థానం తీర్పులో ప్రస్తావనకు వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించిన సంగతి విదితమే. ఆ హక్కు పుట్టుపూర్వోత్తరాలను వివరించే క్రమంలో ధర్మాసనం ఈ వ్యాసం వద్ద ఆగి చర్చించింది. వ్యాసకర్తలు శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్. పత్రిక హార్వర్డ్ లా రివ్యూ. నాటికి దాని వయసు నిండా నాలుగేళ్లు లేదు. దానిని నడిపినవారు ప్రొఫెసర్లు కారు, చదువు ఇంకా పూర్తికాని విద్యార్థులు.

ఇదంతా పరాయి దేశపు వ్యవహారమని కొట్టివేయడానికి వీల్లేదు. ఆ వ్యాసం లేవనెత్తిన ప్రశ్న మన దేశంలో హక్కుగా స్థిరపడే దాకా సాగిన ప్రయాణంలో తెలుగు న్యాయమూర్తుల పాత్ర చాలా ఉంది. అంతకన్నా విచిత్రం, ఆ ప్రయాణానికి అడ్డుకట్ట వేసిన వాదన సైతం అదే పత్రికలో, మూడేళ్ల తేడాతో వెలువడింది.

విద్యార్థులే సంపాదకులు

హార్వర్డ్ లా రివ్యూ తొలి సంచిక 1887 ఏప్రిల్ 15న వెలువడింది. దానిని ప్రారంభించిన విద్యార్థి బృందంలో జాన్ హెన్రీ విగ్‌మోర్ ఒకరు. తదనంతర కాలంలో సాక్ష్య చట్టంపై ఆయన రచించిన బృహద్గ్రంథాన్ని మన న్యాయస్థానాల్లోనూ ఉటంకించడం పరిపాటి.

వైద్య, విజ్ఞాన శాస్త్రాల పత్రికల్లో ఒక వ్యాసం అచ్చు కావాలంటే ఆ రంగంలో తలపండిన నిపుణులు దానిని పరిశీలించాలి. అమెరికా న్యాయ పాఠశాలల ఆనవాయితీ ఇందుకు భిన్నం. అక్కడ ప్రొఫెసరు రాసిన వ్యాసాన్ని స్వీకరించాలా, తిరస్కరించాలా అన్నది ప్రధానంగా విద్యార్థులు నిర్ణయిస్తారు. తరగతి గదిలో మార్కులు వేసే గురువు, పత్రికా కార్యాలయం గుమ్మం ముందు దరఖాస్తుదారుగా నిలబడవలసి వస్తుందన్నమాట. తొలినాళ్లలో పరీక్షల్లో వచ్చిన మార్కులే సభ్యత్వానికి కొలమానం కాగా, తర్వాత రాత పోటీ ప్రవేశించింది. మొదటి సంవత్సరం ముగిసిన వెంటనే ఈ పోటీ జరుగుతుంది. ఎంపికైనవారు తర్వాతి రెండేళ్లూ చదువుతో పాటు పత్రిక బాధ్యతలు మోయవలసి ఉంటుంది. సంపాదక బృందంలో సుమారు వంద మంది ఉంటారు. నవంబరు నుంచి జూన్ వరకు ఏటా ఎనిమిది సంచికలు వెలువడతాయి. నవంబరు సంచిక అమెరికా సుప్రీంకోర్టు గడచిన ఏడాది ఇచ్చిన తీర్పుల సమీక్షకు ప్రత్యేకం.

బయటి రచయితల వ్యాసాలకు పేర్లుంటాయి. విద్యార్థులు రాసే వ్యాఖ్యలకు మాత్రం పేరుండదు. ఒక్కో వ్యాఖ్యపై అనేక చేతులు పడతాయి కనుక అది పత్రిక సమష్టి రచనగా పరిగణన పొందుతుంది.

ఈ పత్రిక ఘనతకు అసలు కారణం పాఠకుల కంటికి ఆనని ఒక శ్రమలో ఉంది. రచయిత పేర్కొన్న ప్రతి తీర్పును, ప్రతి పుస్తకాన్ని, ప్రతి పుట సంఖ్యను విద్యార్థులు మూలంతో సరిచూస్తారు. తీర్పులో ఉన్న మాటకూ వ్యాసంలో చెప్పిన అర్థానికీ పొంతన ఉందో లేదో తేలుస్తారు. పాదసూచికలకు ఒక పద్ధతి ఉండాలన్న ఉద్దేశంతో రూపొందిన చిన్న నియమావళి 1926లో వెలువడింది. ప్రస్తుతం దానిని కొలంబియా, పెన్సిల్వేనియా, యేల్ పత్రికలతో కలిసి హార్వర్డ్ ప్రచురిస్తోంది. 'బ్లూబుక్' అనే ఆ పుస్తకమంటే మన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులకూ హడలే. కామా ఎక్కడ పెట్టాలో, ఏ పదాన్ని ఎలా కుదించాలో చెప్పడానికి వందల పుటలు అవసరమా అని విసుక్కునేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

పత్రికను ప్రచురించే సంఘం చట్టరీత్యా విశ్వవిద్యాలయం నుంచి వేరుగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. పేరు హార్వర్డ్‌ది, పెత్తనం విద్యార్థులది. 1990లో బరాక్ ఒబామా ఈ పత్రికకు తొలి నల్లజాతి అధ్యక్షుడిగా ఎన్నికైనపుడు ఆ వార్త దేశమంతటా పత్రికలకెక్కింది. ఆయన రాజకీయ జీవితానికి అదే తొలి మెట్టు అంటారు. అంతకు ముందు 1976లో సుసాన్ ఎస్ట్రిచ్ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1950 దాకా మహిళలకు ప్రవేశమే కల్పించని న్యాయ పాఠశాల అది! 2023లో భారత సంతతికి చెందిన అప్సర అయ్యర్ ఆ పదవికి ఎన్నికయ్యారు.

పత్రికలపై ఫిర్యాదు... హక్కుకు పునాది

వారెన్, బ్రాండైస్ ఇద్దరూ హార్వర్డ్‌లో కలిసి చదివి, బోస్టన్‌లో కలిసి ప్రాక్టీసు పెట్టినవారు. వారి వ్యాసానికి ప్రేరణ పేదవాడి కష్టమేమీ కాదు. నాటి వార్తాపత్రికలు సంపన్న కుటుంబాల ఇళ్లలో జరిగే విందులు, వేడుకలపై ఊసుపోని కబుర్లు అచ్చువేయడం, క్షణాల్లో ఛాయాచిత్రం తీయగల కెమెరాలు బజారులోకి రావడం వారిని కలవరపెట్టాయి. పరువు నష్టం చట్టం అబద్ధాలకే మందు. నిజమైనప్పటికీ లోకానికి చెప్పనవసరం లేని విషయాలను అచ్చువేస్తే దిక్కేమిటన్నది వారి ప్రశ్న. గ్రంథ హక్కుల వంటి అంశాలపై ఇంగ్లండు న్యాయస్థానాలు ఇచ్చిన పాత తీర్పులను తవ్వితీసి, వాటన్నింటి అడుగున మనిషిని అతని మానాన వదిలివేయాలన్న సూత్రం ఒకటి దాగి ఉందని వారు వాదించారు. పత్రికల మీద ఫిర్యాదుగా పుట్టిన హక్కు గురించి పత్రికలే పాఠకులకు చెప్పవలసి రావడం కాలమహిమ.

బ్రాండైస్ అక్కడితో ఆగలేదు. 1916లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన ఆయన, 1928లో పోలీసులు ఫోన్ తీగలకు చెవులు తగిలించిన ఓల్మ్‌స్టెడ్ కేసులో భిన్నాభిప్రాయ తీర్పు వెలువరించారు. యువకుడిగా పత్రికల నుంచి కోరిన రక్షణను ఈసారి ప్రభుత్వం నుంచి కోరారు. మెజారిటీ ఆయనతో ఏకీభవించలేదు. 1967లో కాట్జ్ కేసులో అదే న్యాయస్థానం ఆ మెజారిటీ వాదనను పక్కనపెట్టింది.

రెండో వ్యాసం... తొలగిన రెండు పదాలు

ఇక రెండో వ్యాసం సంగతి. 1893లో హార్వర్డ్ ఆచార్యుడు జేమ్స్ బ్రాడ్లీ థేయర్ అదే పత్రికలో న్యాయమూర్తుల అధికార పరిమితిపై రాశారు. ప్రజలు ఎన్నుకున్న శాసనసభ చేసిన చట్టాన్ని, అది రాజ్యాంగ విరుద్ధమనడంలో సహేతుకమైన సందేహానికి ఏమాత్రం తావు లేనపుడే కోర్టు కొట్టివేయాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఒంటబట్టించుకున్నవారిలో ప్రముఖుడు ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. హార్వర్డ్‌లో చదివి, అక్కడే బోధించి, 1939లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

1947 చివరలో భారత రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు అమెరికా వెళ్లి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన ముసాయిదా అధికరణంలో 'డ్యూ ప్రాసెస్' అన్న అమెరికా పదబంధం అప్పటికి ఉంది. చట్టం ఉంటే చాలదు, అది న్యాయసమ్మతం కూడా కావాలని కోర్టు నిలదీసేందుకు వీలు కల్పించే మాట అది. ప్రజలెన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొద్దిమంది న్యాయమూర్తులు రద్దు చేయడం ప్రజాస్వామ్యానికి తగదని, పైగా న్యాయవ్యవస్థపై మోయలేని భారం పడుతుందని ఫ్రాంక్‌ఫర్టర్ చెప్పినట్లు రావు నివేదించారు. ముసాయిదా సంఘం ఆ పదాలను తొలగించి, జపాన్ రాజ్యాంగాన్ని అనుసరించి 'చట్టం నిర్దేశించిన ప్రక్రియ' అన్న మాట చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో దీనిపై వాడిగా చర్చ జరిగినపుడు మార్పును సమర్థించిన ఉద్దండుల్లో నెల్లూరు జిల్లా పూదూరులో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. అదే నేటి 21వ అధికరణం.

ఫలితం ఎంతో కాలం పట్టకుండానే కనిపించింది. నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్ 1950లో సుప్రీంకోర్టును ఆశ్రయించగా, శాసనసభ చేసిన చట్టం ప్రకారం నిర్బంధించినపుడు ఆ చట్టం మంచిచెడ్డలు 21వ అధికరణం కింద విచారించజాలమని మెజారిటీ తేల్చింది. 1978లో మేనకా గాంధీ కేసు వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది.

ఇందులో థేయర్‌ను తప్పుపట్టడం అన్యాయం. కార్మికుల పని గంటలు తగ్గించే చట్టాలను అమెరికా న్యాయస్థానాలు ఒప్పంద స్వేచ్ఛ పేరిట కొట్టివేస్తున్న కాలం నుంచి ఫ్రాంక్‌ఫర్టర్ ఆ పాఠం నేర్చుకున్నారు. భూసంస్కరణలు తలపెట్టిన మన రాజ్యాంగ నిర్మాతలకు ఆ భయం సహజం. పేదవాడికి భూమి దక్కాలంటే కోర్టులకు కళ్లెం ఉండాలి. పేదవాడు అకారణంగా జైలుకు పోకుండా ఉండాలంటే కోర్టులకు బలం ఉండాలి. ఈ రెండు వాదనల నడుమ మన రాజ్యాంగ చరిత్ర అర్ధ శతాబ్దం పైబడి ఊగిసలాడింది. రెండింటికీ చోటిచ్చిన పత్రిక ఒక్కటే కావడం గమనార్హం.

అర్ధరాత్రి తలుపు తట్టిన పోలీసు

గోపాలన్ తీర్పు తర్వాత గోప్యతా వాదనకు 1954లో మరో దెబ్బ తగిలింది. సోదాల విషయమై వచ్చిన ఎం.పి.శర్మ కేసులో, అమెరికా తరహా గోప్యతా రక్షణ మన రాజ్యాంగంలో లేదని ఎనిమిది మంది న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. అటువంటి వాతావరణంలో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఆయనపై పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టడం, కదలికలపై నిఘా ఉంచడం నిత్యకృత్యమైంది.

1962 డిసెంబరులో వెలువడిన తీర్పులో మెజారిటీ రాత్రివేళ ఇంటి సందర్శనలను మాత్రం రద్దు చేసింది. అందుకు ఊతంగా, గోప్యతపై అమెరికాలో ఫ్రాంక్‌ఫర్టరే రాసిన మాటలను ఉటంకించింది! అదే ఊపిరితో గోప్యత మన రాజ్యాంగంలో హామీ ఉన్న హక్కు కాదంది. జస్టిస్ జె.సి.షా తోడు రాగా జస్టిస్ కోకా సుబ్బారావు విభేదించారు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో లేకపోయినా, వ్యక్తి స్వేచ్ఛలో అది అంతర్భాగమని, నిఘా నీడలో మెదిలే మనిషి స్వేచ్ఛాజీవి కాజాలడని ఆయన భిన్నాభిప్రాయ సారాంశం.

సుబ్బారావు రాజమహేంద్రవరంలో జన్మించి, ఇక్కడి ప్రభుత్వ కళాశాలలో చదివినవారు. 1954లో గుంటూరులో ఏర్పాటైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లి 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరు చెప్పగానే న్యాయవాదులకు 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు స్ఫురిస్తుంది. అయితే కాలపరీక్షకు ఎక్కువ నిలిచింది ఖరక్ సింగ్ కేసులోని ఆయన భిన్నాభిప్రాయ వాదనే అనిపిస్తుంది. బోస్టన్ వ్యాసకర్తల బాధ విందు భోజనాల ముచ్చట్లు పత్రికలకెక్కడం. సుబ్బారావు ముందున్నది పోలీసు బూటు చప్పుడుకు ఉలిక్కిపడి లేచే ఇల్లు. సంపన్నుల ఏకాంతానికి పుట్టిన వాదన నిస్సహాయుడి గడపకు కాపలాగా మారింది.

ఆ తర్వాతి మెట్లలోనూ తెలుగు నేల ఆనవాళ్లున్నాయి. విడిగా ఉంటున్న భార్య తిరిగి కాపురానికి రావాలని కోర్టు ఆదేశించేందుకు వీలు కల్పించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి కొట్టివేశారు. కడప కోర్టులో మొదలైన ఆ వ్యాజ్యంలో, స్త్రీ శరీరంపై, మాతృత్వంపై నిర్ణయం ఆమెదేనని, దానిని రాజ్యం చేతికి అప్పగించడం గోప్యతకు భంగమని ఆయన తీర్పు చెప్పారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ వాదనను తోసిపుచ్చింది. 1994లో ఆటో శంకర్ ఆత్మకథ కేసుగా పేరొందిన రాజగోపాల్ కేసులో, గతంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి తీర్పు రాశారు. మనిషికి తన మానాన తాను ఉండే హక్కు 21వ అధికరణంలోనే ఇమిడి ఉందని, అయితే ప్రచురణను ముందుగానే అడ్డుకునే అధికారం ప్రభుత్వానికి లేదని ఆయన తేల్చారు. పత్రికా స్వేచ్ఛకూ గోప్యతకూ మధ్య 1890 వ్యాసం గీయబోయిన గీతను ఇక్కడ భారతీయ చట్టంలో గీసినట్లయింది.

ఆధార్ వివాదం వీటన్నింటినీ ఒకచోటికి తెచ్చింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, గతంలో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షత వహించిన జస్టిస్ కె.ఎస్.పుట్టస్వామి 2012లో పిటిషన్ వేశారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని కేంద్రం 1954, 1962 తీర్పులను చూపి వాదించింది. 2015 ఆగస్టు 11న జస్టిస్ జాస్తి చలమేశ్వర్ నాయకత్వంలోని ముగ్గురు సభ్యుల ధర్మాసనం విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. కృష్ణా జిల్లా మొవ్వ మండలం పెదముత్తేవిలో పుట్టి, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన చలమేశ్వర్, 2017 నాటి తొమ్మిది మంది ధర్మాసనంలోనూ ఉన్నారు. విడిగా రాసిన అభిప్రాయంలో ఆయన గోప్యతను మూడు పాయలుగా విడదీశారు: అవాంఛిత ఒత్తిళ్ల నుంచి ప్రశాంతత, ఇతరుల చూపు నుంచి రక్షణ, సొంత జీవితంపై ఆంతరంగిక నిర్ణయం. ఈ వర్గీకరణ కాలిఫోర్నియా లా రివ్యూలో 1976లో గేరీ బోస్ట్‌విక్ రాసిన వ్యాఖ్య నుంచి తీసుకున్నది. అదీ విద్యార్థులు నడిపే పత్రికే.

ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ డి.వై.చంద్రచూడ్, విడిగా రాసిన జస్టిస్ రోహింటన్ నారిమన్ ఇద్దరూ హార్వర్డ్‌లో ఉన్నత న్యాయవిద్య అభ్యసించినవారు. 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా నియమితులైన జస్టిస్ అబ్దుల్ నజీర్ కూడా ఆ ధర్మాసన సభ్యులే. ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పులో గోప్యత లేదన్న భాగాన్ని ధర్మాసనం రద్దు చేయగా, సుబ్బారావు వాదన 55 ఏళ్ల తర్వాత చట్టమైంది. 2018 సెప్టెంబరులో ఆధార్ చట్టం మెజారిటీ తీర్పుతో నిలబడినప్పటికీ, బ్యాంకు ఖాతాకు, సెల్‌ఫోన్ సిమ్‌కు ఆధార్ తప్పనిసరి అన్న నిబంధనలు ఈ పునాది వల్లనే కొట్టుకుపోయాయి. పిటిషనర్ పుట్టస్వామి 2024 అక్టోబరులో కన్నుమూశారు.

ఎవరు చదువుతారన్న ప్రశ్న

ఇంత చెప్పిన తర్వాత రెండో పార్శ్వాన్నీ చూడాలి. న్యాయశాస్త్ర పత్రికలపై విసుర్లు కొత్తేమీ కాదు. యేల్ ఆచార్యుడు ఫ్రెడ్ రొడెల్ 1936లో ఈ పత్రికలకు వీడ్కోలు పలుకుతూ వ్యాసం రాశారు. రాసే తీరూ బాగాలేదు, రాసే విషయమూ బాగాలేదన్నది ఆయన ఫిర్యాదు. ఆ వీడ్కోలు వ్యాసం సైతం ఒక లా రివ్యూలోనే అచ్చయింది. 2011లో అమెరికా ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఓ సదస్సులో మాట్లాడుతూ, ఏ సంచిక తెరిచినా 18వ శతాబ్దపు బల్గేరియా సాక్ష్య విధానంపై కాంట్ తత్త్వవేత్త ప్రభావం వంటి విషయాలే కనిపిస్తాయని, న్యాయవాదికి వాటితో పనేమిటని ఎద్దేవా చేశారు. ఆయన చదువుకునే రోజుల్లో హార్వర్డ్ లా రివ్యూ మేనేజింగ్ ఎడిటర్.

ఇరవై నాలుగేళ్ల విద్యార్థి యాభై ఏళ్ల ఆచార్యుడి పరిశోధనను తూచగలడా అన్న అనుమానంలో పస ఉంది. పేరున్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వ్యాసానికి మొగ్గు చూపడం, ఒకే వ్యాసాన్ని అనేక పత్రికలకు ఒకేసారి పంపి, చిన్న పత్రిక అంగీకారాన్ని చూపి పెద్ద పత్రికను తొందరపెట్టడం వంటివి అక్కడి ప్రచురణ లోకంలో బహిరంగ రహస్యాలు. అయినా పాదసూచికల తనిఖీ అనే ఒక్క గుణం కారణంగా, తెలియనివాడు చేసిన ఎంపికకు కూడా నమ్మదగిన రూపం వస్తోంది.

పత్రికకు అసలు పరీక్ష ఇటీవలి సంవత్సరాలలో ఎదురైంది. గాజా యుద్ధం నేపథ్యంలో పాలస్తీనా న్యాయవాది రబియా ఎగ్బారియా నుంచి ఆన్‌లైన్ విభాగం కోసం వ్యాసం కోరి, సవరణలన్నీ పూర్తయిన తర్వాత, 2023 నవంబరులో సంపాదకులు ఓటింగ్ జరిపి ప్రచురణ నిలిపివేశారు. ఆ వ్యాసాన్ని 'ది నేషన్' పత్రిక ప్రచురించింది. 2024 జూన్‌లో కొలంబియా లా రివ్యూ ఆయన మరో సుదీర్ఘ వ్యాసాన్ని ప్రచురించగా, ఆ పత్రిక పాలకమండలి వెబ్‌సైట్‌నే కొన్నాళ్లు మూసివేసింది. హార్వర్డ్‌లో విద్యార్థులే వెనుకంజ వేశారు; కొలంబియాలో విద్యార్థులు ముందుకు వెళితే పెద్దలు అడ్డుపడ్డారు. వ్యాసంలోని వాదన ఒప్పా తప్పా అన్నది వేరు. తప్పనిపిస్తే ఖండన అచ్చువేయడం ఆ పత్రికల సంప్రదాయం. 1890, 1893 వ్యాసాలు రెండూ ఒకే అట్టల మధ్య ఇమడగలిగింది ఆ సంప్రదాయం వల్లనే.

మరోవైపు ప్రభుత్వ ఒత్తిడి. సభ్యుల ఎంపికలో, వ్యాసాల ఎంపికలో జాతి ప్రాతిపదికన వివక్ష చూపుతున్నారన్న ఆరోపణతో 2018లో దాఖలైన దావాను ఫెడరల్ కోర్టు మరుసటి ఏడాది కొట్టివేసింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా విద్యా, ఆరోగ్య శాఖలు అదే అంశంపై హార్వర్డ్ విశ్వవిద్యాలయం మీద, లా రివ్యూ మీద విచారణ ప్రకటించాయి. విశ్వవిద్యాలయానికి, ట్రంప్ ప్రభుత్వానికి మధ్య నిధుల రగడ ముదిరిన వేళ ఇది జరిగిందన్నది మరువరాదు.

మన చెంత పరిస్థితి

మన దగ్గర ఏ జిల్లా బార్ అసోసియేషన్ గ్రంథాలయంలో చూసినా ఆంధ్రా లా టైమ్స్, ఆంధ్రా లీగల్ డెసిషన్స్ సంపుటాలు వరుసగా కనిపిస్తాయి. ఇవి ప్రధానంగా తీర్పుల సంకలనాలు. వాటిలోని వ్యాసాల విభాగం సీనియర్ న్యాయవాదుల అనుభవానికి వేదిక. హైదరాబాద్‌లోని నల్సార్‌లో, బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో విద్యార్థులు సంపాదకత్వం వహించే పత్రికలు హార్వర్డ్ బాటలోనే నడుస్తున్నాయి. జిల్లా కేంద్రాల్లోని లా కళాశాలలకు ఆ గాలి సోకినట్లు కనిపించదు. హార్ట్, ఫుల్లర్ పండితుల వాదప్రతివాదాలు పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్న. అవి 1958లో ఈ హార్వర్డ్ పత్రికలోనే అచ్చయ్యాయన్న సంగతి గైడు పుస్తకం చదివే విద్యార్థికి అక్కర్లేని విషయం.

బోధకుల పరిస్థితి మరో తీరు. పదోన్నతికి ప్రచురణలు అవసరమన్న నిబంధన డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలకు వరమైంది. వాటిని అరికట్టేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 చివరలో కేర్ జాబితా ప్రకటించి, 2025 ఫిబ్రవరిలో దానికి స్వస్తి పలికింది. పత్రిక నాణ్యతను తేల్చుకునే పూచీ తిరిగి విద్యాసంస్థలపైనే పడింది. డబ్బు కట్టిన వారంలో అచ్చయ్యే వ్యాసానికి పాదసూచికలు సరిచూసే నాథుడు ఉండడు.

భాష సంగతి సరేసరి. సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలు 2019 నుంచి అందుబాటులోకి వస్తున్నాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఓ ఆస్తి వివాదంలో తెలుగులోనే తీర్పు వెలువరించి సంచలనం సృష్టించింది. తీర్పు తెలుగులోకి దిగినా, దానిపై తర్కించే వ్యాసం ఇంగ్లిషు మెట్టు మీదే కూర్చుంది.

రాయడానికి సామగ్రి కరవైతే ఒక దారి. 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం రౌడీ షీట్లపై తీర్పునిస్తూ, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబద్ధత లేదని, వాటిని ఆధారం చేసుకుని రౌడీ షీట్ తెరవడం, నిఘా ఉంచడం పుట్టస్వామి తీర్పు వెలుగులో చెల్లదని పేర్కొంది. 2024 మార్చిలో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. మొదటిది ఖరక్ సింగ్ ఇంటి తలుపు, రెండోది బ్రాండైస్ విన్న ఫోన్ తీగ. రౌడీ షీట్ ఎప్పుడు తెరిచారు, ఏ కేసు ఆధారంగా తెరిచారు, నిర్దోషిగా తేలిన తర్వాత ఎన్నేళ్లు కొనసాగించారు అన్న వివరాలు కావాలంటే బోస్టన్ వెళ్లనవసరం లేదు. జిల్లా కోర్టు ఆవరణలో ఒక పూట గడిపి, హైకోర్టుకెక్కిన రిట్ పిటిషన్లు తిరగేస్తే లా విద్యార్థికి చేతినిండా పని దొరుకుతుంది.